గీతలున్న యోగా మ్యాట్: ముందు ఒళ్లు కొలవండి, తర్వాత గీత గీయండి

నల్గొండలో మా హాల్లో పరిచినవి రెండడుగుల టైల్స్. మామూలు యోగా మ్యాట్ వెడల్పు 24 అంగుళాలు, అంటే అదే రెండడుగులు. మ్యాట్ అంచును టైలు సందుకు ఆనించి పరిస్తే తిన్నని గీత పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టేసరికే, ఒంటి పొందిక సరిచేస్తుందని రాసున్న మ్యాట్ ఒకటి ఆన్‌లైన్‌లో మూడు వేలు పోసి తెప్పించేశాను.

దాని మీద నడుమ గీత, అడ్డగీతలు, అరచేతుల బొమ్మలు, పాదాల బొమ్మలు అన్నీ ఉన్నాయి. నెల రోజులు బుద్ధిగా ఆ బొమ్మల్లోనే చేతులు పెట్టాను. మణికట్లు పట్టేశాయి, చపాతీ పిండి పిసకడం కూడా గండమైపోయింది. మా పొద్దుటి బ్యాచ్‌కి నేర్పే సారు ఒకరోజు నా పక్కన నిలబడి చూసి, "గా చేతులు నీయి గావమ్మా. నీ చేతులేడ వడ్తయో ముందు గది జూడు" అన్నారు. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే, ఆ రెండు బొమ్మల నడుమ దూరం నా భుజాలకంటే మూడు అంగుళాలు తక్కువ. ఇంకో నెలకి చెమటకు ఆ అచ్చు కూడా చెదిరి, ఎడమ అరచేతికి రెండే వేళ్లు మిగిలాయి.

అప్పటినుంచి నేను పట్టుకున్న వరుస ఇది: ముందు ఒళ్లు కొలవాలి, తర్వాత మ్యాట్ ఎంచుకోవాలి, తర్వాత గీతలు, టవల్ సంగతి ఆ పైన.

గీతతో పనేమిటి

ఒంటికి అలవాటైన వంకర ఒంటికి వంకరగా తోచదు. కుడి పాదం బయటికి తిరిగి ఉన్నా రెండూ సమంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. గీత ఆ తేడాను కంటికి చూపిస్తుంది, అంతవరకే దాని పని. మీ పాదం ఎక్కడుండాలో చెప్పడానికి ఆ గీత గీసినవాడు మిమ్మల్ని చూడలేదు కదా.

ఆసనంలో పాదం ఎటు తిరగాలి, మోకాలు ఎక్కడ నిలవాలి అనే పట్టింపును దేశదేశాలకూ తీసుకెళ్లినవారు పుణెలో నేర్పిన బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014). చెక్క ఇటుకలు, బెల్టులు, కుర్చీలు, మడత దుప్పట్లు ఆయన తరగతుల్లోంచే ఇన్ని ఇళ్లకు వచ్చాయి. జారని మ్యాట్ మాత్రం వేరే దారిన వచ్చింది. 1960ల చివర్లో జర్మనీలో పాఠాలు చెబుతున్న యాంజెలా ఫార్మర్ అనే యోగా టీచర్ కార్పెట్ అడుగున వేసే పొరను ముక్క కోసి కాళ్ల కింద వేసుకున్నారు. గీతలున్న మ్యాట్లు ఈమధ్యవి. లండన్‌లోని లిఫోర్మ్ వాళ్లది బాగా పేరున్నది. అది 185 సెంటీమీటర్ల పొడవు, 68 సెంటీమీటర్ల వెడల్పు, 4.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గీతల్ని రంగుతో అచ్చు వేయకుండా మ్యాట్‌లోకే దించుతారు. మన దాకా వచ్చేసరికి ధర ఐదంకెలకు చేరుతుంది. కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు, మంచి వస్తువే. ఆ డబ్బులో వందో వంతుతో ఇంట్లో ఏం చేసుకోవచ్చో నేను చెబుతాను.

తడి పాదంతో మొదలు

ఇంట్లో తాండూరు బండలు గానీ సిమెంటు గచ్చు గానీ ఉంటే ఈ పరీక్షకు అంతకంటే మంచిది లేదు. బకెట్లో పాదాలు తడిపి, బండ మీద నిలబడి, కళ్లు మూసుకుని ఉన్నచోటే ఎనిమిది అడుగులు వేయండి. ఆగండి. సర్దుకోవద్దు. కళ్లు తెరిచి మెల్లగా వెనక్కి తప్పుకోండి. బండ మీద మిగిలిన తడి పాదాలే మీ అసలు నిలబాటు. ఆరేలోగా ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మా దగ్గర మే నెలలో అయితే అర నిమిషం కూడా ఆగదు.

ఫొటోలో మూడు చూడాలి. రెండు పాదాలూ ఒకే కోణంలో ఉన్నాయా? ఒకటి ముందుకు జరిగిందా? ఏ పాదం అచ్చు నిండుగా పడింది, ఏది నడుమ సన్నగా పడింది? ఒక్క రోజుది నమ్మొద్దు, మూడు రోజులు వరసగా చూస్తే మీ తీరు తేలుతుంది.

మా అమ్మది చూస్తే కుడి పాదం గడియారంలో ఒంటిగంట ముల్లులా పక్కకు తిరిగింది. భుజాలు చూస్తే కుడిది ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి. ఎందుకో ఆమెను అడగాల్సిన పని లేదు. అమ్మ పుట్టిల్లు నేతవాళ్ల ఊరు పుట్టపాక. పెళ్లికి ముందూ తర్వాతా ఏళ్ల తరబడి ఆసు పోసింది. చిటికి చీరకు, అంటే ఇక్కత్ చీరకు, నూలును మేకుల చుట్టూ పోయడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేకే 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అమ్మకు ఆ యంత్రం అందేసరికి భుజం అలా కుదురుకుపోయింది. ఇలాంటి ఒంటిని దుకాణంలో కొన్న బొమ్మలోకి తోస్తే ఏమవుతుంది?

టైలర్ టేపుతో నాలుగు కొలతలు

ఎత్తు. దానికి ఆరంగుళాలు కలిపితే మ్యాట్ పొడవు. మామూలు మ్యాట్ 68 అంగుళాలు, అంటే అయిదడుగుల రెండు అంగుళాల మనిషికి అచ్చంగా సరి. అంతకంటే పొడవుంటే 72 అంగుళాలదీ, ఆ పైనదీ చూసుకోవాలి. లేదంటే శవాసనంలో మడమలు చల్లటి బండ మీదుంటాయి.

భుజాల వెడల్పు. చొక్కాకి కొలిచినట్టే, ఈ భుజం ఎముక కొస నుంచి ఆ కొస దాకా. ఇది అరచేతుల దూరం. నాకు 14 అంగుళాలు.

నడుము ముందువైపు రెండు పక్కలా వేలికి తగిలే ఎముకల నడుమ దూరం. పాదాలు అంత దూరంలో ఉంటే "నడుమంత వెడల్పు" అన్నట్టు. చాలామంది తుంటి బయటి కండ దాకా కొలుస్తారు, అది ఎక్కువైపోతుంది.

చేతికీ కాలికీ నడుమ దూరం. ఇది కొలవడానికి ఇంకొకరు కావాలి. అరచేతులూ కాలివేళ్ల మీద ఒంటిని పలకలా తిన్నగా నిలిపే ఫలకాసనంలో, అదే ప్లాంక్‌లో, భుజాలు సరిగ్గా మణికట్ల మీద ఉండేలా నిలవండి. మణికట్టు మడత నుంచి కాలివేళ్ల దాకా కొలిపించుకోండి. చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుమును పైకెత్తే అధోముఖ శ్వానాసనానికి అదే మీ దూరం. నాది 45 అంగుళాలు. అంతకుముందు నేను 38 దగ్గరే ఆపేసేదాన్ని. వీపు గూనెలా లేచి, బరువంతా చేతుల మీద పడేది. మణికట్ల నొప్పిలో సగం పాపం దీనిదే.

కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు ఒంగే త్రికోణాసనానికి కాళ్ల దూరం టేపుతో తేలదు. మూడడుగులతో మొదలుపెట్టి, మోకాలు బిగబట్టకుండా, ఊపిరి ఆగకుండా ఎంతదాకా వెళ్లగలిగితే అంత. చాలామందికి మూడు నుంచి నాలుగడుగుల నడుమ వస్తుంది.

ఏ మ్యాట్

బండల ఇంట్లో మందమైనది కావాలనిపిస్తుంది. పది మిల్లీమీటర్ల స్పాంజి మ్యాట్ మోకాళ్లకు హాయే కానీ, ఒంటికాలి మీద నిలిచే వృక్షాసనంలో పాదం అందులోకి దిగబడి చీలమండ వణుకుతుంది. దిగబడే చోట గీత ఎంత తిన్నగా ఉన్నా లాభం లేదు. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు చాలు. మోకాళ్లకు నొప్పైతే అక్కడ మాత్రం షత్రంజీ, అదే జంపఖానా, మడత పెట్టుకోండి.

పీవీసీ చవక, గట్టిది, ఏళ్లకేళ్లు ఉంటుంది, కొత్తలో కాస్త జారుతుంది. టీపీఈ, అంటే రబ్బరులా సాగే ఒక ప్లాస్టిక్, తేలిక, కానీ గోరు గుచ్చుకుంటే గుంట పడుతుంది. సహజ రబ్బరు బాగా పట్టుకుంటుంది, బరువెక్కువ, ఎండ పడితే పెళుసవుతుంది. రబ్బరు పాలు పడనివాళ్లకు ఒళ్లు దద్దురెక్కుతుంది కూడా. రబ్బరు పైన పీయూ (పాలియురెథేన్) పొర ఉన్నవి చెమట పట్టినా జారవు, నూనె రాసుకున్న ఒంటితో మాత్రం వాటి మీదికి వెళ్లొద్దు. గీతలున్నదే కొనాలనుకుంటే రెండు చూడండి. గీత రంగుతో అచ్చు వేసిందా, లోపలికి దించిందా? చేతుల, పాదాల బొమ్మలున్నాయా, కేవలం గీతలేనా? బొమ్మలుంటే వదిలేయండి. నడుమ గీత, దానికి అడ్డంగా సమదూరంలో గీతలు ఉంటే ఏ ఒంటికైనా పనికొస్తాయి.

గీతలు గీసుకోవడం

నాకిష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త సాగదీస్తాను.

మ్యాట్ ఒక రోజంతా పరిచి ఉంచండి. చుట్టిన మ్యాట్ అంచులు వంపు తిరిగి ఉంటాయి, దాని మీద గీసిన గీత మర్నాటికి వంకర పోతుంది. రెండు పొట్టి అంచుల దగ్గరా టేపుతో సగం గుర్తుపెట్టండి. ఇక ఇల్లు కట్టే మేస్త్రీ చేసే పనే. దారానికి నీలం పొడి అద్ది, రెండు చివర్లా ఇద్దరు బిగించి పట్టుకుని, నడుమ రెండు వేళ్లతో పైకి లాగి వదలాలి. టప్పుమని పడితే మ్యాట్ మీద వెంట్రుకంత నీలి గీత తేలుతుంది. స్కేలుతో జరుపుతూ గీస్తే ఇంత తిన్నగా రాదు.

అడ్డగీత నడుమ గీతకు సరిగ్గా మూల మట్టంగా ఉండాలి. దీనికీ మేస్త్రీ లెక్కే. రెండు గీతలూ కలిసే చోటునుంచి నడుమ గీత మీద 12 అంగుళాలు, అడ్డగీత మీద 9 అంగుళాలు గుర్తుపెట్టండి. ఆ రెండు గుర్తుల నడుమ దూరం కచ్చితంగా 15 అంగుళాలు వస్తే మూల సరి. పదిహేనుకి ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా అడ్డగీత వాలింది. మ్యాట్ అంచునే నమ్ముకోవద్దు. చవక మ్యాట్ల అంచు అర అంగుళం దాకా వాలుగా కోసి ఉండడం నేను చూశాను.

నేను గీసుకున్నవి ఐదే. నడుమ గీత. మణికట్లకు ముందువైపు ఒక అడ్డగీత. దాని నుంచి 45 అంగుళాల వెనక కాలివేళ్లకు ఇంకోటి. ముందు అడ్డగీత మీద, నడుమ నుంచి ఇటు ఏడు అటు ఏడు అంగుళాల దగ్గర రెండు చుక్కలు. ఒక కాలు ముందుకు వంచి ఇంకోటి వెనక్కి చాచే వీరభద్రాసనంలో వెనక పాదం తిప్పడానికి 45 డిగ్రీల గీత ఒకటి. దినపత్రికలో చతురస్రం కత్తిరించి మూల నుంచి మూలకు మడిస్తే ఆ కోణం చేతిలో ఉన్నట్టే. ఇంతకంటే ఎక్కువ గీస్తే మ్యాట్ అష్టాచెమ్మా పటంలా తయారవుతుంది.

మొదటి రెండు వారాలూ సుద్దతోనో కాగితపు మాస్కింగ్ టేపుతోనో పెట్టి చూడండి. కొలతలు తప్పకుండా అటూ ఇటూ జరుగుతాయి. కుదిరాక పీవీసీ మీద చెరగని మార్కర్, గుడ్డ మీద దారం. కరెంటు పని టేపు మాత్రం వద్దు, దాని మీద చెమట అరచెయ్యి జారుతుంది.

షత్రంజీ మీద గీయడం అన్నిటికంటే సుఖం. లావు నూలు దారంతో గొలుసు కుట్టు వేయండి. కుట్టు కాస్త లేచి ఉంటుంది కాబట్టి కళ్లు మూసుకున్నా బొటనవేలికి తెలుస్తుంది. అమ్మకు అలాగే కుట్టిచ్చాను. మొదటి రోజు నిలబడి కిందికి చూసి, "గీ గీతలేంది బిడ్డా, మళ్ల మగ్గం ముందట గూసున్నట్టుంది" అని నవ్వింది. షత్రంజీ నున్నటి టైల్ మీద జారుతుంది. కార్పెట్ల కింద వేసే రబ్బరు జాలీ షీటు ముక్క అడుగున వేసుకోవాలి. ఇది మరిచిపోతే మాత్రం పడతారు.

టవల్

మాకు మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరింటికే చెమట. అప్పుడు మ్యాట్ పైన టవల్ కావాలి. దుకాణాల్లో దొరికే యోగా టవల్ మైక్రోఫైబర్‌ది. కొన్నిటికి అడుగున సిలికాన్ చుక్కలుంటాయి. చుక్కలు మ్యాట్ వైపుకి, నున్నటి వైపు పైకి. పొడిగా ఉంటే ఇది జారుతుంది, తడిస్తేనే పట్టు వస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు చేతులూ పాదాలూ ఆనే చోట నీళ్లు చిలకరించాలి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది మంచి టవళ్లను మూలన పడేశారు.

గీతలున్న టవల్ కోసం ప్రత్యేకంగా వెతకొద్దు. గళ్ల లుంగీ ఒకటి చాలు. గడి రెండంగుళాలదైతే నా భుజాల వెడల్పు ఏడు గళ్లు, లెక్క అయిపోయింది. లుంగీని పొడవునా సగానికి మడిచి చూడండి, గళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ఉతుకులో గుడ్డ వాలిందన్నమాట. తడిపి, మూలల నుంచి ఇద్దరు లాగి ఆరేస్తే చాలావరకు సరవుతుంది. లుంగీ పలచన కాబట్టి రెండు మడతలు వేసి అంచులు మ్యాట్ కిందికి దోపాలి. పుట్టపాకలో నేసే తేలియా రుమాళ్లు అనే ఇక్కత్ గుడ్డల మీద కూడా చతురస్రాలు కళ్లకు కట్టినట్టుంటాయి. 2020లో జీఐ గుర్తింపు పొందిన ఆ నేతను చెమటకు వాడమని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు, అమ్మ ఊరుకోదు.

గీత మీద నిలబడడం

తాడాసనం, అంటే నిటారుగా నిలబడడం. నడుమ గీతకు అటూ ఇటూ పాదాలు. బొటనవేలిని గీతకు సమంగా పెట్టొద్దు. బొటనవేలి పక్క వేలి నుంచి మడమ నడుమ దాకా ఊహించుకున్న గీత, మ్యాట్ గీతకు పక్కపక్కనే పోవాలి. చాలామందికి ఇలా పెట్టగానే మడమలు బయటికి తోసినట్టు, పావురం కాళ్లలా అనిపిస్తుంది. అలా అనిపించడమే కొత్త సమాచారం. అక్కడ మూడు ఊపిర్లు నిలిచి, మోకాలి చిప్పలు ఎటు చూస్తున్నాయో గమనించండి. అవి లోపలికి తిరిగిపోతే మీ ఎముక తీరు వేరు, పాదాన్ని కొంచెం బయటికి వదిలేయండి. గీతకోసం మోకాలిని మెలిపెట్టొద్దు.

త్రికోణాసనం. ముందు పాదం నడుమ గీత మీద, మడమ నుంచి రెండో వేలు దాకా. వెనక పాదం నడుమ వంపు ఆ గీత మీద పడాలని పుస్తకాల్లో ఉంటుంది. కొత్తవాళ్లు నడుమ వంపుకు బదులు వెనక మడమను ఆ గీత మీద పెట్టుకోండి, తూలరు. ఒంగేటప్పుడు ముందు మోకాలు బొటనవేలి లోపలికి వాలుతుంటే కిందికి ఇంకా వెళ్లాల్సిన పని లేదు. చెయ్యి పాదం దాకా చేరకపోతే ఇటుక మీద పెట్టండి. మా బ్యాచ్‌లో ఒకరు తిరగేసిన ఇత్తడి చెంబు వాడతారు.

అధోముఖ శ్వానాసనం. మణికట్టు మడతలు రెండూ ఒకే అడ్డగీత మీద. నాకు కుడి చెయ్యి ప్రతిసారీ అంగుళం ముందుకు పోయేది. కాళ్ల మధ్యలోంచి వెనక్కి చూస్తే మడమలు కాలివేళ్ల వెనక దాగి ఉండాలి.

వీరభద్రాసనం మొదటిదానికి రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టి తూలకండి. రైలు పట్టాల్లా గీతకు అటొకటి ఇటొకటి. దండాసనం, శవాసనాలకు నడుమ గీత ముక్కు నుంచి బొడ్డు మీదుగా పోతుందో లేదో మనకు మనం చూసుకోలేం. స్టూలు మీద ఫోన్ పెట్టి ఫొటో తీసుకోవాలి.

వారానికోసారి తడి పాదం పరీక్షనే మ్యాట్ మీద చేయండి. కళ్లు మూసుకుని తాడాసనంలోకి వచ్చి, తెరిచి చూడండి. వేలెడంత తేడాలోపు వస్తున్నారంటే ఆ ఆసనానికి గీతను చూడడం మానేయొచ్చు.

గీతను వదిలేయాల్సినవాళ్లు

ఫ్లోరైడ్ నీళ్లతో బాధలు పడ్డ మా జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆసనాలు నేర్పేవాళ్లకు ఇది ముఖ్యంగా చెప్పాలి. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచం "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టుకుంది. మన జిల్లా పేరు అలా దేశాలు తిరిగింది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒంట్లో కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లలో సున్నం పేరుకుంటుంది, వెన్ను కర్రలా బిగుస్తుంది. అది సాధన చాలక వచ్చిన బిగువు కాదు, లాగితే వదలదు, నొక్కితే దెబ్బ తగులుతుంది. వాళ్లకు మ్యాట్ వద్దు, కుర్చీ వేయండి. డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టండి. ఊపిరి, మెడ మెల్లగా తిప్పడం, పాదాలు ఆడించడం చాలు. మోకాలు మార్పించుకున్నవాళ్లు, వెన్ను ఆపరేషన్ అయినవాళ్లు, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లు కూడా రెండు వైపులా సమం చేయాలని గీతతో పోట్లాడొద్దు.

కడగడం

మా బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. అదే తెట్టు మ్యాట్ మీద పేరుకుంటే రబ్బరు జారుతుంది. మనం మ్యాట్ పాడైందనుకుంటాం. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు ఒక చెంబెడు, అందులో రెండు చుక్కల లిక్విడ్ సబ్బు, గుడ్డతో తుడిచి, మళ్లీ వట్టి నీళ్లతో రెండుసార్లు తుడవండి. నానబెట్టొద్దు. ఎండలో ఆరేయొద్దు, నీడన గాలికి. స్కూటీ డిక్కీలో మధ్యాహ్నం దాకా వదిలేయొద్దు. మైక్రోఫైబర్ టవల్‌కి కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు వేస్తే పట్టూ పీల్చుకునే గుణమూ రెండూ పోతాయి. చుట్టేటప్పుడు గీతలున్న వైపు బయటికి ఉంచి చుట్టండి, మళ్లీ పరిచినప్పుడు అంచులు లేవవు.

ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి. నా కాళ్ల దూరం ఏడాదిలో రెండంగుళాలు మారింది. పిల్లలదైతే ప్రతి బడి సెలవులకూ మారుతుంది, వాళ్లకు సుద్ద గీతే మేలు. మొన్న సంక్రాంతికి అమ్మ షత్రంజీ మీద కుడి పాదం కుట్టు విప్పి, అంగుళం లోపలికి జరిపి మళ్లీ కుట్టాను. పాత కుట్టు చోట సూది రంధ్రాలు ఇంకా కనబడుతున్నాయి. ఒక ఉతుకు పడితే పూడిపోతాయంది అమ్మ.